అమ్మేవాడు ఎంతవరకు చెప్పాలి?

తపస్సుకాలంలో పాపసంకీర్తనానికి సిద్ధపడేటప్పుడు మనలో చాలామందిమి ఏడవ ఆజ్ఞ దగ్గర ఎక్కువసేపు ఆగము. దొంగతనం మన ఇంటా వంటా లేదు. తూకంలో మోసం చేయడానికి మనకు దుకాణం లేదు. కనుక ఎనిమిదవ ఆజ్ఞకు వెళ్ళిపోతాము. నేనూ ఎన్నో ఏండ్లు అలాగే వెళ్ళిపోయినవాణ్ణి. ఒక పాత రాగి బాయిలర్ నన్ను అక్కడ ఆపింది. ఆ సంగతి చెప్పి, దాని వెంట వచ్చిన ప్రశ్నను పాఠకుల ముందు పెడతాను.

చలిదేశాలలో గది వెచ్చబెట్టే ఇనుప పొయ్యి ఉంటుంది. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు దాని అవసరం లేదు. పుష్యమాసపు తెల్లవారుజామున ఒక కుంపటో, వాకిట్లో చలిమంటో చాలు. కాని స్నానానికి వేడినీళ్ళు కావాలి. ఇంట్లో ముసలివాళ్ళో, బాలింతో ఉంటే తప్పకుండా కావాలి. అందుకే రాగి బాయిలర్లు మన ఇండ్లలో చాలాకాలం నడిచాయి. తెలియని చిన్నవాళ్ళ కోసం చెబుతున్నాను: నిలువుగా నిలబడే రాగి పాత్ర, దాని నడుమ పైనుంచి కిందిదాకా ఒక గొట్టం. గొట్టం అడుగున జల్లెడ మీద కట్టెపేళ్ళో బొగ్గులో వేసి ముట్టిస్తే, మంట ఆ గొట్టం గుండా పైకి పోతూ చుట్టూ ఉన్న నీళ్ళను కాచుతుంది. పక్కన నల్లా, కింద మూడు కాళ్ళు. అంతే దాని నిర్మాణం.

కొన్నేండ్ల కింద కోరుట్లలో ఒక పాత సామాన్ల దుకాణంలో 2,200 రూపాయలకు అటువంటిదొకటి కొన్నాను. కొనేటప్పుడు సొట్టలు చూశాను. నల్లా తిప్పి చూశాను. ఒక కాలు కొంచెం వంగి ఉందని కూడా చూశాను. గొట్టం లోపల మసి పేరుకొని ఉంది. అందులోకి ఎవరు తొంగి చూస్తారు?

సంక్రాంతి ముందు ఒకనాడు తెల్లవారుజామున, అడుగున కాసిన్ని నీళ్ళే ఉన్నాయని గమనించక మా ఇంటావిడ ముట్టించింది. కాసేపటికి గొట్టంలో నుంచి నీళ్ళు నిప్పుల మీద పడి బుస్సుమని ఆవిరి, బూడిద లేచాయి. బెదిరి వెనక్కి జరగబోతే ఆమె కాలు తగిలి, అసలే వంకరగా నిలబడ్డ బాయిలర్ ఒరిగింది. ఉన్న కాసిని వేడినీళ్ళు పాదం మీద పడ్డాయి. పది రోజులు చెప్పు వేసుకోలేకపోయింది. నేను కోపంతో ఆ దుకాణానికి పోయాను. దుకాణదారు కూర్చున్నచోటి నుంచి లేవలేదు. "సార్, మంచిగుందని నేనన్ననా? మీరేమన్న అడిగిండ్రా?" అన్నాడు. నిజమే, ఆయన అనలేదు, నేను అడగలేదు. ఏమీ మాట్లాడలేక తిరిగి వచ్చాను. ఆ మాట మాత్రం ముల్లులా గుచ్చుకొని ఉండిపోయింది.

మా బావమరిది సిరిసిల్లలో సాంచాల మిస్త్రి. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారని పాఠకులకు తెలుసు. పండుగకు వచ్చినప్పుడు బాయిలర్‌ను బోర్లేసి, గొట్టంలోని మసి గీకి చూశాడు. లోపల ఎవరో ఎప్పుడో వేసిన మాటు ఉంది, అది కరిగి జారిపోయింది. అప్పుడు ఆయన చెప్పిన సంగతి ఈ కథకంతటికీ కీలకం. మాటు వేసేది సీసం, తగరం కలిపిన లోహంతో. అది 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. మరి మంట తగిలే గొట్టానికి వేసిన మాటు ఎట్లా నిలుస్తుంది? నీళ్ళు కాపాడతాయి. గొట్టానికి అవతలివైపు నీళ్ళున్నంతసేపు రాగి వేడి నూరు డిగ్రీలకు మించి ఎంతో దూరం పోదు. మాటు భద్రంగా ఉంటుంది. నీళ్ళు మాటు కిందికి దిగితే, లేదా అసలు లేకుండా ముట్టిస్తే, మాటు నిమిషాలలో జారుతుంది. అంటే ఆ బాయిలర్ చెడిపోయినది కాదు, పూర్తిగా మంచిదీ కాదు. ఒక షరతు మీద మంచిది. ఆ షరతు తెలిసినవాడికి మాత్రమే మంచిది.

ఇత్తడి కడ్డీతో బ్రేజింగు చేయిస్తే ఆ షరతు కూడా చాలావరకు పోతుంది. కాని దానికి గ్యాసు మంట కావాలి, ఇంకో 800 రూపాయలు కావాలి. అక్కరలేదు, మాటే వేయమన్నాను. చింతపండు, ఉప్పు కలిపి తోమితే రాగి ఎర్రగా బయటపడింది. బొక్క చుట్టూ గీకి, నవసాగరం అద్ది, కొత్తగా మాటు వేశాడు. వంగిన కాలిని సుత్తెతో సరిచేశాడు. తరువాత దాన్ని నిలబెట్టడానికి మేము వేసినదానికంటే ఎక్కువసేపు తీసుకున్నాడు. స్నానాలగది ముందు బండలు మోరీ వైపు వాలుగా ఉంటాయి కదా, నీళ్ళు పోవాలని. నేను కాలు కింద పెంక ముక్క పెట్టబోతే ఆపాడు. "పెంక ఇయ్యాల నిలబడ్తది బావా, రేపు జారుతది. పాతిక లీటర్ల నీళ్ళంటే పాతిక కిలోలు. పక్కన పిల్లలు తిరుగుతరు" అన్నాడు. బండ మీద సిమెంటుతో చిన్న దిమ్మె కట్టి, రసమట్టం నిలువుకొకసారి, అడ్డానికొకసారి పెట్టి చూసి, దిమ్మె ఆరినాకనే బాయిలర్‌ను ఎత్తించాడు. వాలుగా ఉంటే నీళ్ళు తగ్గినప్పుడు గొట్టం ఒకవైపు ముందుగా బయటపడుతుందని, ఆ వైపే మాటు ఉంటే ఇంకేముందని కూడా చెప్పాడు. సాంచాలు కూడా అంతేనట. నేల మట్టం లేకపోతే చట్రం ఊగి బోల్టులు వదులవుతాయి, ఒక్కోసారి నాడె ఎగిరి మనిషికి తగులుతుంది. పాత సాంచ కొనేవాడు నడిపించి చూపెట్టమంటాడట, చప్పుడు వినే సగం రోగం చెప్పేస్తాడట.

ఆ సాంచ మాట నాకు తరువాత పనికివచ్చింది.

రెండు చలికాలాలు ఒక్క చుక్క కారలేదు. ఆ తరువాత మా అబ్బాయి కరెంటు గీజర్ పెట్టించాడు. బాయిలర్ మూలకు చేరింది. కోరుట్లలో బీడీలు చేసుకొని బ్రతికే ఒక తల్లి, కూతురు మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చిందని, వేడినీళ్ళకు ఒక బాయిలర్ కావాలని తెలిసినవారి ద్వారా కబురు పంపింది. వచ్చి చూసింది. 2,500 అన్నాను, మాటుకు, సిమెంటుకు అయిన ఖర్చు కూడా కలుపుకొన్నాను. డబ్బులు చేతిలో పెట్టేముందు ఆమె అడిగింది: "మంచిగనే ఉన్నది గద సార్?"

"రెండు చలికాలాలు వాడినం తల్లీ, ఒక్క చుక్క కారలేదు" అన్నాను.

ఇందులో అబద్ధమేదీ లేదు. పదం పదం తీసి తూచినా నిజమే. ఆ నిజంతోనే ఆమెను ఒక నమ్మకంలోకి పంపించాను. నేను చెప్పనివి రెండు. ఒకటి, నీళ్ళు లేకుండా ముట్టించకూడదు. రెండు, మాటులో సీసం ఉంది, ఆ నీళ్ళు ఒంటికే కాని నోటికి కాదు. మన ఇండ్లలో బాలింతకు కాచిన నీళ్ళే తాగిస్తారు. బాయిలర్ కాగుతుంటే అందులోవే ఒక చెంబు పట్టి ఇస్తే అడ్డు చెప్పేదెవరు? సీసం ఒంట్లో కొద్దికొద్దిగా చేరే విషమనీ, అది అందరికంటే పసిబిడ్డలకే ఎక్కువ హాని చేస్తుందనీ నాకు తెలుసు. పిల్లలకు పాఠం చెప్పిన నోరే అది.

ఒక ఆదివారం దివ్యబలి తరువాత మా విచారణకే చెందిన ఒక వకీలు మిత్రునితో ఈ సంగతి మరొకరి కథలాగా చెప్పాను. ఆయన నవ్వి, మన దేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఇటువంటి ఉదాహరణే ఉందన్నాడు. మోసం అంటే ఏమిటో చెప్పే 17వ సెక్షను అది. ఒకడు రోగమున్న గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు. రోగం సంగతి తెలిసినా నోరు మెదపడు. చట్టం దాన్ని మోసం అనదు. నాకు ప్రాణం లేచివచ్చినట్లయింది. ఆయన ఆగలేదు. కింద ఇంకో ఉదాహరణ ఉందన్నాడు. కొనేది, అప్పుడే యుక్తవయస్సు వచ్చిన ఆ అమ్మేవాని కూతురే అయితే? అప్పుడు చెప్పవలసిన బాధ్యత ఉంది. మూడవది: నీవు కాదనకపోతే గుర్రం బాగున్నట్లే అనుకుంటానని కొనేవాడంటే, అమ్మేవాడు ఊరుకుంటే? అప్పుడు ఆ మౌనం మాటతో సమానం. "మీ కథలో ఆయనను కొనేవాళ్ళు అడిగిండ్రా?" అని అడిగాడు. అడిగారన్నాను. "అయితే ఆయన మొదటి గుర్రం మీద లేడు, మూడో గుర్రం మీదున్నడు" అన్నాడు. ఆ కథ నాదేనని ఆయనకు అర్థమయ్యే ఉంటుంది.

గుర్రం కథ శ్రీసభకు ఇంకా పాతది. 13వ శతాబ్దంలో పునీత థామస్ అక్వినాస్ తన మహాగ్రంథంలో అమ్మకాలలోని మోసం గురించి రాస్తూ, అమ్మేవాడు వస్తువు లోపాన్ని చెప్పాలా అని ఇదే ప్రశ్న వేసుకున్నారు. ఆయన జవాబు ఏకపక్షంగా ఉండదు. గుర్రానికి ఒక కన్ను లేదనుకోండి. అది కనబడుతూనే ఉంది. ధర అందుకు తగినట్టు తగ్గిస్తే చాలు, నోటితో చెప్పనక్కరలేదు. కాని కుంటిగుర్రాన్ని పరుగెత్తే గుర్రమని, కూలబోయే ఇంటిని గట్టి ఇల్లని అంటగడితే, లోపం దాగి ఉండి కొన్నవాడికి నష్టమో ప్రమాదమో తెచ్చేదైతే, చెప్పకపోవడం అన్యాయం. అంటే కొలత ఒక్కటే: కొనేవాడు తన కండ్లతో దాన్ని చూడగలడా? నా బాయిలర్ సొట్టలు ఒంటికన్ను వంటివి. గొట్టంలోని మాటు కుంటికాలు.

ఇక్కడ వ్యాపారం చేసుకునే మన సోదరులు ఒక మాట అంటారు. లోపాలన్నీ ముందే అరిచి చెబితే పాత వస్తువు ఎవరు కొంటారు? ఈ ఆక్షేపణను తేలికగా తీసివేయకూడదు. పాత సామాన్లు లేకపోతే బీదవాడికి సైకిలు లేదు, కుట్టుమిషను లేదు, సిరిసిల్లలో ఎంతోమందికి సాంచ లేదు. పునీతులవారు దీనికీ జవాబిచ్చారు: డప్పు వేయించి చెప్పమనలేదు, వస్తువులోని మంచి కూడా తెలియకముందే జనం బెదిరిపోతారు కనుక. కొనడానికి వచ్చిన మనిషికి, ఆ ఒక్కరికి, చెప్పమన్నారు. మంచీ చెడూ పక్కపక్కన పెట్టుకొని ఆ మనిషే తూచుకుంటాడు. మాటు ఉన్న బాయిలర్ అమ్మరాని వస్తువేమీ కాదు. 1,700కు మాటు చూపించి అమ్మితే అది చక్కని బేరం.

"కొనేవాడే చూసుకోవాలి" అనే మరో వాదన ఉంది. అది సమానుల మధ్య చెల్లుతుంది. పాత సాంచ అమ్మేవాడూ మిస్త్రియే, కొనేవాడూ మిస్త్రియే. చప్పుడు ఇద్దరికీ వినబడుతుంది. బీడీలు చుట్టే తల్లికి సీసం కరిగే వేడి ఎంతో ఎట్లా తెలుస్తుంది? తెలియనిదాన్ని గురించి ప్రశ్న కూడా పుట్టదు. "అడగలేదు గదా" అనడం, ఆమెకు లేని తెలివిని ఆమె తప్పుగా లెక్కగట్టడమే. నిర్గమకాండము 21వ అధ్యాయంలో గొయ్యి తవ్వి మూత వేయనివాని సంగతి ఉంది. అందులో పడిన ఎద్దుకు ఖరీదు కట్టవలసింది గొయ్యి తవ్వినవాడే. గొయ్యి ఉందా అని ఎద్దు యజమాని ముందుగా అడిగాడా లేదా అన్న విచారణ అక్కడ లేదు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలంటుంది, ఎవరైనా జారిపడితే ఆ రక్తం ఇంటి మీదికి రాకుండా. ఆ పడబోయేవాడు చుట్టమో, దొంగో, భిక్షగాడో చెప్పలేదు.

ఉచితంగా ఇచ్చేవాళ్ళకు ఇది వర్తించదని కూడా అనుకోకండి. క్రిస్మసుకు ముందు బీదలకని గుడికి చేరే వస్తువులలో తిరగని ఫ్యాన్లు, షాకు కొట్టే ఇస్త్రీపెట్టెలు ఎన్నో. ఏ ఫ్యానుకూ చీటీ ఉండదు. దానమని పేరు పెట్టి మన గొయ్యిని మరొకరి ఇంటి ముందుకు జరుపుతున్నాము.

ఇక నా సంగతి. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం ఏడవ ఆజ్ఞ కింద ఎదుటివాని అజ్ఞానాన్ని వాడుకొని ధర పెంచడాన్ని కూడా చేర్చింది. 2409వ పేరా చూడండి. కొంచెం కిందనే, 2412లో, అన్యాయంగా పొందినది తిరిగి ఇవ్వాలని చెబుతూ జక్కయ్యను గుర్తుచేసింది. పశ్చాత్తాపం ఇంట్లో కూర్చుని పడవచ్చు. తిరిగి ఇవ్వడానికి మాత్రం కోరుట్ల బస్సు ఎక్కాలి. ఇది రాస్తున్నప్పుడు నవ్వు వస్తున్నది గాని, ఆ రోజు రెండు బస్సులు వదిలేసి మూడవది ఎక్కాను.

కూతురుకు ఇంకా నొప్పులు రాలేదు. బాయిలర్ వాకిట్లో ఉంది, ఒక కాలు కింద ఇటుక ముక్క. ఆమె చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చేస్తూనే నేను చెప్పినదంతా విన్నది. మాటు సంగతి, నీళ్ళ సంగతి, తాగకూడదన్న సంగతి, 2,500 ఎక్కువన్న సంగతి. దారం చుట్టడం ఆపి అన్నది: "సొట్టలు జూసిన సార్. కాలుకు సుత్తె దెబ్బలు జూసిన. లోపట మాటుంటదని మాకేం ఎరుక?" కొంచెంసేపు ఊరుకొని మళ్ళీ అన్నది: "మా ఆయనను దుబాయి పంపిన ఏజెంటు గూడ గంతే. ఒక్క అబద్ధమాడలే. అడగనిది చెప్పలే."

నాకు జవాబు తోచలేదు. జేబులో నుంచి 800 రూపాయలు తీసి చాట పక్కన పెట్టాను. ఆమె లెక్కపెట్టి ఉంచుకోలేదు. "పైసలు నాకెందుకు సార్, కర్చయిపోతయి. మాటు తీసేసి గదేదో ఇత్తడి పనంటున్నరు గద, చేయించుకొచ్చి ఇయ్యుండ్రి. బిడ్డ నీళ్ళు పోసుకునే దినానికి రావాలె" అన్నది. మాట నిష్ఠూరంగా లేదు. బేరం తేల్చినట్లుగా ఉంది.

ఇటుక ముక్క తీసి చూస్తే ఆ మూల నేల వేలెడు లోతు దిగి ఉంది. బండ ముక్క ఒకటి, సిమెంటు కాసింత ఇంటి వెనుక దొరికాయి. రసమట్టం లేదు. ఆమె పెద్ద కంచం తెచ్చి బండ మీద పెట్టి అంచుదాకా నీళ్ళు పోసింది. ఎటు పొర్లుతున్నదో చూసుకుంటూ ఇద్దరం బండను సర్దాము. బాయిలర్‌ను గోనెసంచిలో కట్టి జగిత్యాల బస్సులో వేసుకొని వచ్చాను.

బ్రేజింగు చేసే ఆయన ముందు పాత సీసమంతా ఒక్క పొర కూడా మిగలకుండా గీకి తీశాడు; అది ఉంటే ఇత్తడి పట్టదట. సగం పూట పట్టింది. పని అయినాక నీళ్ళు నింపి, పైనంతా బూడిద చల్లి, ఎక్కడైనా తడి దిగుతుందేమో అని చూశాడు. గొట్టం గట్టిగా ఉంది. నల్లా వెనుక మాత్రం వేలుతో తట్టి చూసి, ఇక్కడ రేకు పలుచబడ్డది, ఇంకో రెండు మూడేండ్లు ఆగవచ్చు, ఆగకపోవచ్చు అన్నాడు. ఇప్పుడు చేయమంటారా అని అడిగితే నా దగ్గర అంత డబ్బు లేదు. బొగ్గు ముక్క అడిగి తీసుకొని ఆ పలుచని చోటు చుట్టూ ఒక గీత గీశాను, ఆమెకు చూపించడానికి.